అలల్ని మింగే పెట్టె

తళి,
9 జూన్ 2025.

హోసూరులో ఉన్న మా త్రివేణికి అవ్వ మనసారా దీవించి రాసేది.

నీ దగ్గు తగ్గిందా? ల్యాబులో ఆ నల్ల పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నావా లేదా? మీ ఆయన అనంతకుమార్‌ నడుం నొప్పి ఎట్లా ఉంది? పాప రేణుకు పన్ను వచ్చిందా? పన్నుకు జ్వరమొస్తుందేమోనని నాకు ఒకటే దిగులు. ఇక్కడ మీ మామ కేశవప్పకు మోకాలు వాచింది, అయినా మీ అత్తతో గులాబీలు పెంచే షెడ్డుకు పనికి పోతూనే ఉన్నాడు. పొద్దుగూకే దాకా ఇంట్లో నేనూ, ఎండబెట్టిన మామిడి ఒరుగులూ.

పోయినసారి వచ్చినప్పుడు, ఇంటి వెనక సెల్ టవరంటే భయమేస్తోందన్నానని, దాని అలల్ని మింగుతాయంటూ ల్యాబులో మిగిలిన నల్ల షీటు ముక్కలు ఇచ్చి వెళ్లావు. అందులో ఒక్కో రవ్వా ఓళిగలాంటిదన్నావు. లోపల ఇనుప పూర్ణం, పైన బొగ్గు పొర. ఆ పొర సరిగా లేకపోతే అల బయటినుంచే మళ్లిపోతుందట. కుదిరితే లోపలికొచ్చి, తిరిగి తిరిగి, వేడై ఆరిపోతుందట. ఆ కుదురు కోసమే ఇన్నాళ్లూ అవస్థ అన్నావు. నిజమే, ఓళిగ పిండి కుదరడమే అంత సులువు కాదు.

ఆ ముక్కల్ని చెక్కపెట్టె లోపలంతా, మూతకు కూడా, మైదా జిగురుతో అతికించి నా ఫోను అందులో పెట్టాను. అలలు తలకెక్కుతాయని అందరూ అంటున్నారు కదా. మీ మామ చూసి నవ్వాడు.

“దాంట్లో పెడితే త్రివేణి చేసినా యాడ మోగుతాదమ్మా?” అన్నాడు.

నా తల నాకు ముఖ్యం అన్నాను. ఎదురింటి మద్దమ్మ రోజూ, మనవరాలు ఫోను చేసిందా జయక్కా అని అడుగుతుంది. చేసే ఉంటుందిలే అంటాను.

నీకు పని ఎక్కువని తెలుసు. వేళకు తిను. సెలవు దొరికినప్పుడే రా, తొందరేం లేదు.

ఇట్లు,
నీ అవ్వ
జయలక్ష్మమ్మ

తా.క.: ఆ పెట్టె తల కోసం కాదమ్మా. ఫోను కిటికీలో ఉన్నన్నాళ్లూ దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. మోగకపోతే నువ్వు చెయ్యలేదని తెలిసిపోయేది. ఇప్పుడైతే, నువ్వు చేశావు, నీ షీటే మింగేసింది అనుకుని కూరగాయలు తరుక్కుంటాను. తొందర లేదన్నదీ అబద్ధమే. మీ మామ హోసూరు బస్సు ఎక్కిస్తానన్నాడు. నేనే వస్తున్నాను, జూన్ ఇరవై రెండు, ఆదివారం.