నాలుగోవాడికి సర్వపిండి

హైదరాబాద్

సాంబయ్య మామకు,

మేనకోడలు యమున నమస్కారాలు. ఫోన్‌లో నన్ను మాట్లాడనియ్యవు కాబట్టి స్పీడ్ పోస్టులో రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నీ రెండో బట్టల కొట్టు ప్రారంభానికి రాలేను. ఆపరేటింగ్ సిస్టంలో మెమరీ చూసుకునే భాగం ఏడాదిగా నేనే రాస్తున్నాను కదా, అది ఉన్నట్టుండి కూలిపోతోంది. నీకర్థమయ్యేటట్టు చెప్తా. గోదాములో నలుగురు పనివాళ్లున్నారనుకో. ఏ సరుకు ఏ గదిలో ఉందో రాసిన చీటీ ఒక్కొక్కడి జేబులో ఉంటుంది. నేను సరుకు గది మార్చి, "పాత చీటీలు చింపేయండి" అని కబురు పంపుతాను. అయినా నాలుగోవాడు పాత చీటీ చూసుకుని పాత గదికే పోయి, అక్కడికి కొత్తగా చేరిన వేరేవాళ్ల సరుకును ఆగం చేస్తున్నాడు. సోమవారంలోగా సరిచేయకపోతే నా పనంతా తీసిపారేస్తానన్నాడు మా లీడర్ రాకేష్. ఏడాది కష్టం మామా! ఏడుపొస్తోంది.

ఇట్లు,
యమున

తా.క.: అత్తమ్మకు చెప్పకు. కంగారుపడుతుంది.

---

హనుమకొండ చౌరస్తా

చిరంజీవి యమునకు మామ దీవెనలు.

నువ్వు జర ఫికర్ చెయ్యకు బిడ్డా. ముగ్గురు ఇంటాండ్లు, ఒక్కడు ఇంటలేడంటే వాని మనసుల ఏదో బాధ ఉన్నది. మన చీరల కౌంటర్ ఓంప్రకాశ్ గిట్లనే చేసేటోడు. పక్కన కూసోబెట్టి కడుపునిండ తినిపిస్తే ఏడ్సిండు, గప్పట్నుంచి మాట ఇంటాండు. ఆ రాకేష్ ఎన్నడన్న పనోళ్ల మంచిచెడ్డ అడిగిండా? సోమవారం నేను, మీ అత్తమ్మ మీ ఆఫీసుకు వస్తున్నం. నలుగురిని ఎదురెదురు కూసోబెట్టి పంచాయితి తెంపుత.

ఆశీస్సులతో,
సాంబయ్య

తా.క.: అత్తమ్మకు నేను చెప్పలే. ఉత్తరం గట్టిగ చదివిన, ఆమెనే ఇన్నది. పాలకుర్తిల తల్లిగారింటికి పోయి సర్వపిండి చేస్తాంది. నాలుగోవానికి రెండు ఎక్కువ.

---

హైదరాబాద్

మామా,

నమస్కారాలు తర్వాత. ముందు ప్రయాణం ఆపు!

వాళ్లు మనుషులు కారు! గోరంత చిప్పులో ఉండే భాగాలు. వాటికి కడుపూ లేదు, మనసూ లేదు. సోమవారమే ఆఖరి పరీక్ష. ఆ రోజు పంచాయితీ అంటూ మీరు దిగితే రాకేష్ నా కోడ్‌తోపాటు నన్నూ తీసేస్తాడు. నీకు దండం పెడతా, రాకండి.

ఇట్లు,
వణికిపోతున్న యమున

తా.క.: ఓంప్రకాశ్ అన్నను అడిగానని చెప్పు. నాకిప్పుడు ఆయన బాధ బాగా తెలుస్తోంది.

---

హనుమకొండ

చిరంజీవి యమునకు,

మనుషులు కాదని ముందుగాల చెప్పద్దా! నిన్నటిదాక వానికి ఏ రంగు అంగీ కొనాల్నో అని ఆలోచన చేసిన.

సరే, ప్రయాణం బంద్. మన ఇంటోళ్ల వాట్సాప్ గ్రూపుల "ఎవ్వలు పోవద్దు" అని పెట్టి, నా టికెట్ క్యాన్సల్ చేసి, ఒక కునుకు తీసిన. నువ్వు బేఫికర్‌గ పని చేస్కో.

దీవెనలతో,
సాంబయ్య

తా.క.: గ్రూపుల మీ అత్తమ్మ ఏమనలే. ఎన్నడు లేంది నా మాటకు ఎదురు చెప్పలేదంటే ఒప్పుకున్నట్టే గదా!

---

హైదరాబాద్

మామా, గెలిచాను!

సోమవారం పొద్దున నీ ఉత్తరం అప్పుడే చేతికొచ్చింది. చదివి "హమ్మయ్య" అనుకున్నా. ఇటు రాకేష్ "ఇక తీసేద్దాం యమునా" అంటున్నాడు. ఇంతలో కిందినుంచి ఫోను. ఎవరో ఒకామె పెద్ద టిఫిన్ డబ్బాతో కూర్చుని, "నాలుగో పిలగాడు ఎవలు?" అని అందరినీ అడుగుతోందట.

అత్తమ్మ! ఫోను బ్యాగు అడుగున పడేసి కాజీపేటలో రైలెక్కేసింది. నువ్వు వెనక పెట్టెలో ఉన్నావనుకుందట. "మామ రావద్దని చెప్పలేదా?" అంటే, "ఎవలకు చెప్పిండో ఏమో, నాకైతే చెప్పలే" అంది.

నీ తాజా కలం మళ్లీ చదివాను. అప్పుడు తట్టింది మామా! నువ్వు కబురు పంపావు. ఆమె "ఆఁ" అనకముందే పనైపోయిందనుకుని పడుకున్నావు. నా కోడ్ చేస్తున్నదీ అదే! నాలుగోవాడు "చింపేశాను" అనేదాకా ఆగకుండానే పాత గదిని వేరేవాళ్లకిచ్చేస్తోంది. పాపం, వాడి తప్పేమీ లేదు. నలుగురూ జవాబు చెప్పేదాకా గది ఎవరికీ ఇవ్వకూడదని అక్కడికక్కడే రాశాను. మెషిన్‌ను ఎంత సతాయించినా మళ్లీ కూలలేదు! రాకేష్ లేచి చప్పట్లు కొట్టి, "నీ పనే ఉంటుంది" అన్నాడు. నేను అత్తమ్మను పట్టుకుని గిరగిరా తిప్పేశాను. నాలుగోవాడి సర్వపిండి రాకేషే తిన్నాడు.

విజయగర్వంతో,
యమున

తా.క.: మా దగ్గర ఏ సవరణ పెట్టినా, లోపం బయటపెట్టినవారి పేరు కింద రాయడం ఆచారం. "భారతి అత్తమ్మ, పాలకుర్తి" అని రాశాను. ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు. నీ పేరు లేదని అలగకు మామా, అదీ ఉంది. లోపం ఎట్లా పుట్టిందో వివరించిన చోట.