పదికి పది వేసుకున్న పాపం

జూన్ 2, సోమవారం
ఈరోజు నుంచి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఒట్టు!
గుడివాడ డాక్టరు గారు, "మందులు పనిచేస్తున్నాయి, ఫిట్స్ రావట్లేదు. సరే, బతుకెలా ఉందమ్మా?" అన్నారు. ఇన్నేళ్లకి ఒక్క మనిషి అడిగాడు! రోజుకి పదికి ఎన్ని మార్కులో వేసి, కారణం రాయాలట. నెల తర్వాత అవి చూసి, అవసరమనిపిస్తే నన్ను మళ్లీ రాళ్లు అతికించే బల్ల దగ్గర కూర్చోబెట్టమని మా ఓనరుకి ఉత్తరం ఇస్తారట. బందరులో రోల్డ్ గోల్డ్ గాజులకి నా అంత నీటుగా రాళ్లు అతికించేవాళ్లెవరు? ఫిట్స్ అని తెలియగానే మూలన పడేసి కవర్లకి పిన్నులు కొట్టిస్తున్నారు.
మార్కులు: 3. స్నానాల గదికి గడియ పెట్టనివ్వరు. బయట అమ్మ కాపలా.
"ఉన్నావా సింధూ?"
"లేనమ్మా, తూములోంచి కొట్టుకుపోయా!"

జూన్ 3
అమ్మ చదివేసింది. "మూడేనా? ఎవరి దిష్టో!" అంటూ పనికి సెలవు పెట్టించి మోపిదేవి గుడికి లాక్కెళ్లింది. బస్సులో నిలబడే.
మార్కులు: 1.
"ఇంకా తగ్గిందేంటే? వచ్చే మంగళవారం మళ్లీ వద్దాం."

జూన్ 4
మార్కులు: 8. అబద్ధమే! గుడి ప్రయాణం తప్పించుకోవడానికి. ఈ ఒక్కరోజుకే. అమ్మకీ డాక్టరు గారికీ చూపించే మార్కుల పుస్తకం వేరు, ఈ డైరీ ఇక పరుపు కింద.

జూన్ 10
మార్కులు: 9. మంగళవారం గండం గడిచింది. ఓనరు యుగంధర్ గారు మాత్రం, "నీ మంచికేనమ్మా. బల్ల మీద పడితే రాళ్లన్నీ చెల్లాచెదురైపోవూ?" అన్నారు. నా తల సంగతి అడగలేదు.

జూన్ 19
10. 10. 10. 10. 10. 10. 10. వారానికి సరిపడా ఒకేసారి వేసేశాను. అమ్మ సంబరపడి పక్కింటి గంగాదేవత్తకి పులిహోర పంపింది.

జూలై 1
గుడివాడ. డాక్టరు గారి ముఖం వెలిగిపోయింది. "భలే! ఇంత హాయిగా ఉంటే ఇక పని మార్చమని ఉత్తరం దేనికమ్మా?"
ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, నా మీదే. "అన్నీ దొంగ మార్కులండీ!" అని అరిచాను. బయట బెంచీల మీద వాళ్లు కూడా తొంగి చూశారు.
"అయితే ఇంకో నెల రాసుకురా. ఈసారి నీ కోసం రాయి."
ఉత్తరం రాలేదు. ఇంకో నెల పిన్నులే!

జూలై 2
మళ్లీ మొదలు. ఎవరు చదివినా సరే.
మార్కులు: 2.
వెనక నుంచి అమ్మ. "రెండేంటే? రొయ్యల పులుసు పెట్టానుగా!"
"ఆ రెండూ దానికేనమ్మా."