బెయిలు రాకూడదు

నవంబర్ 3, సోమవారం

ఈ రోజు ఇంకొకడికి బెయిలు వచ్చింది. మంచి స్టూడెంట్. కంప్యూటర్‌లో బిల్లు ఎంట్రీ చేస్తూ చేస్తూ మధ్యలో లేచి, వెళ్లొస్తానండి మేడమ్ అని దణ్ణం పెట్టాడు. ఇక్కడ వెళ్లొస్తానని అనకూడదురా, వెళ్తానని చెప్పు అని వార్డరు కసిరాడు.

సబ్ జైల్లో చదువు చెప్పడమంటే ఇంతే. అందరూ రిమాండ్ వాళ్లే. సిలబస్ సగంలో ఉండగా ఎవరో ఒక పుణ్యాత్ముడు వచ్చి జామీను పడతాడు. తెనాలి నుంచి రేపల్లె రైల్లో ఇంటికొచ్చి అమ్మీకి చెప్పుకుని బాధపడ్డాను. ఒకడు విడుదలైతే ఏడ్చేదాన్ని నిన్నే చూశానే షాహీనా అంది. తౌబా అని చెంపలు కూడా వేసుకుంది.

నవంబర్ 6, గురువారం

కృష్ణచైతన్య సంగతి రాయాలి. కొలకలూరు రైతుబిడ్డ. గట్టు తగాదాలో పెదనాన్న కొడుకు చెయ్యి పార కర్రతో విరగ్గొట్టి లోపలికొచ్చాడు. క్లాసులో మాత్రం నోట్లో నాలుక లేదు. ఓపెన్ డిగ్రీలో అకౌంట్స్ ఒక్కటే మిగిలింది. ఇరవయ్యో తారీఖున పరీక్ష. అది పోతే రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది, మళ్లీ ఫస్టియర్ నుంచి మొదలు.

సెంటర్ ఈ జైలే అని నేనే పెట్టించాను. అప్పటికి బయటపడితే ఎలా అని అడిగితే, మా నాన్న పెట్టిన లాయర్‌ని చూశాక ఆ భయం లేదండి అన్నాడు.

ఈ రోజు అసలు విషయం చెప్పాడు. ఐదేళ్ల క్రితం ఇంట్లో పాసయ్యానని చెప్పేశాడట. వాళ్ల నాన్న చలపతిరావు గారు ఊరంతటికీ భోజనాలు పెట్టారు. నల్లగౌను, టోపీ స్టూడియో వాడిచ్చాడు, ఆ ఫోటోతో ఫ్లెక్సీ కట్టించారు. అప్పట్నుంచి నాన్న ఎవరితోనైనా, మావాడు డిగ్రీ అంటే ముద్ద దిగదండి అన్నాడు. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

నవంబర్ 11, మంగళవారం

డిప్రిసియేషన్ అర్థమైంది! వాళ్ల ట్రాక్టర్‌నే లెక్కగా ఇచ్చాను. ఏడాదికేడాది విలువ తగ్గించుకుంటూ వెళ్లి, ఆఖరి అంకె చూసి, ఇది మా నాన్న చూస్తే ఊరుకోడండి అన్నాడు.

నవంబర్ 14, శుక్రవారం

నమాజయ్యాక, కృష్ణచైతన్యకి బెయిలు రాకూడదని దువా చేశాను. సిగ్గేసింది. మళ్లీ చేశాను.

నవంబర్ 18, మంగళవారం

వచ్చింది.

చలపతిరావు గారు బాపట్ల నుంచి కొత్త లాయర్‌ని తెచ్చారట. రేపు కోర్టులో జామీను కాగితాలు పెడితే సాయంత్రానికి విడుదల. ఎల్లుండి పరీక్ష. బయటికెళ్లినవాడు వచ్చి రాయొచ్చా అని జైలర్ తోమాసు గారిని అడిగాను. తల గోక్కున్నారు. లోపలికి రావాలంటే రిమాండ్ ఆర్డర్ ఉండాలమ్మా, ఉట్టినే రానివ్వడానికి ఇదేమన్నా సినిమాహాలా అన్నారు. బాపట్లలోని స్టడీ సెంటర్‌కి ఫోన్ చేశాను. సెంటర్ మార్చుకునే గడువు పోయిన నెలే అయిపోయింది.

ములాఖత్‌లో చైతన్య, శుక్రవారం రండి నాన్నా అని బతిమాలాడట. ఎందుకురా అంటే నోరు విప్పలేదట.

నవంబర్ 19, బుధవారం, ఉదయం

గేటు దగ్గర చలపతిరావు గారు నన్ను పట్టుకున్నారు. జామీను పడేవాళ్లిద్దరూ ఇస్త్రీ చొక్కాలతో కారులో కూర్చునున్నారు. ఏంటమ్మా, మావాడికి లోపల ఏం పెడుతున్నారు, ఇంటికి రారా అంటే రెండ్రోజులు ఆగమంటున్నాడు, ఇదేమన్నా అత్తారిల్లా అని నిలదీశారు. ఒట్టు వేశాను కదా. చదువు విషయమండి అని నసిగాను. వాడికింకా చదువేంటమ్మా, వాడు డిగ్రీ అన్నారు. ఎంత గర్వంగా అన్నారో! నాకు ఏడుపొచ్చింది.

లోపలికెళ్లి చైతన్యని తిట్టాను. మీరే చెప్పుకోండి, నా వల్ల కాదన్నాను.

మధ్యాహ్నం

చెప్పాడు.

చలపతిరావు గారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అమ్మీ ఈ డైరీ చదువుతుంది. మధ్యలో ఇనప జాలీ అడ్డం లేకపోతే ఇంకో చెయ్యి విరిగేదే. మీ పెదనాన్నని కూడా పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని మరీ తినిపించాను కదరా అన్నారు. బెంచీ మీద కూలబడ్డారు.

తర్వాత లేచి తోమాసు గారి దగ్గరికెళ్లి, పరీక్ష అయ్యేదాకా వీణ్ని వదలకండి సార్ అన్నారు. ఆపే పవర్ నాకు లేదండి, కాగితాలు పెట్టకుండా ఉండే పవర్ మీకుంది అని తోమాసు గారు చెప్పారు. ఆయన కారు దగ్గరికెళ్లి, ఈ రోజు ముహూర్తం బాలేదని చెప్పి వాళ్లిద్దర్నీ కొలకలూరు తీసుకుపోయారు.

నవంబర్ 20, గురువారం

రాశాడు. పరీక్ష అయ్యేదాకా చలపతిరావు గారు గేటు ముందే నిలబడ్డారు. కాఫీ ఇప్పిస్తానంటే వద్దన్నారు. నేను బయటికి రాగానే, పేపర్ ఈజీగా ఇచ్చారామ్మా అని అడిగారు. కోపం పోలేదు, అడగకుండానూ ఉండలేకపోయారు.

జనవరి 9, శుక్రవారం

పాసయ్యాడు! నలభై ఒకటి!

చలపతిరావు గారే ఫోన్ చేశారు. నేను తొమ్మిదితో ఆపేశానమ్మా, టెన్త్ కట్టాలనుంది, ఒకసారి వాణ్ని నమ్మాను చాలు, ఈసారి నేనే రాసుకుంటా, మీ దగ్గర చేరొచ్చా అన్నారు. నేను చెప్పేది జైల్లోనండి, కేసు ఉండాలి అన్నాను.

అయితే ఏపాటి కేసు సరిపోతుందమ్మా అని అడిగారు.