రవి పక్కన కుర్చీ

మంగళవారం రాత్రి, రిజర్వాయర్ హిల్స్

ఈ దక్షిణాఫ్రికాలో రంగు తేడా లేకుండా అందరం తొలిసారి ఓటేసి ఏడాది దాటింది. నేనింకా రేడియోలో వార్తలే చదువుతున్నాను. నిన్నగాక మొన్న వచ్చిన రవికి మాత్రం పొద్దుటి చర్చా కార్యక్రమం ఇచ్చారు. ప్రభుత్వం ఎవరి జోలికీ రాకూడదని రోజూ వాదిస్తాడు. డర్బన్ అంతా వింటోంది, మా అమ్మతో సహా.

ఇవాళ నాకు సెలవు. "ఆ అబ్బి భలే మాటాడతాడే," అంటూ అమ్మ రేడియో సౌండు పెంచింది. నా వార్తలకు ఏనాడూ పెంచలేదు.

ఉండబట్టలేక, పేరు మార్చి అతని కార్యక్రమానికి ఫోన్ చేశాను. "ఆస్పత్రి లేని ఊళ్లకు ప్రభుత్వం కాకపోతే ఎవరొస్తారు? మీరొస్తారా?" అని నిలదీశాను.

గొంతు గుర్తుపట్టేశాడు. "అక్కా, మీరా! గట్టిగానే అడిగారు. రేపు వచ్చి నా పక్కన కూర్చోండి, పోట్లాడుకుందాం," అన్నాడు, ఊరంతా వింటుండగా.

అమ్మ మురిసిపోయింది. నాకు ఒళ్లు మండింది. అతను చెడ్డవాడైనా బాగుండేది, కుళ్లుకోవడానికి ఓ సాకు దొరికేది. ఆ కుర్చీలో నేనుండి అతను ఫోన్ చేసుంటే, రెండో మాటకే కట్ చేసేదాన్ని.

వెళ్లకూడదనే అనుకున్నాను. రేడియోలో చీర కనబడదు. అయినా నీలం పట్టుచీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను...