రాజన్న పక్కన ‘మృతి’

బుధవారం రాత్రి, వనపర్తి

ఉత్త పేరేనా శ్రీనన్నా? "ఉత్త పేరుకే గింత భయమేందిరా, తొమ్మిదిల బడి ఇడిసినోడా" అని నిన్న ఆఫీసులో అందరి ముందూ అన్నావు. నాకు సాఫ్ట్‌వేర్ తెలియకపోవచ్చు, ఇసుక రాజన్న తెలుసు. కృష్ణ ఒడ్డున అతని ఇసుక ట్రాక్టర్‌ను ఆపినవాడు మళ్లీ కనిపించలేదు.

పింఛన్ల సాఫ్ట్‌వేర్ పరీక్షకు ఉత్తుత్తి పేర్లు ఎక్కించాలి. ఆ సాఫ్ట్‌వేర్ చేసే శ్రీనన్న నిన్న రాజన్న పేరు, ఊరు టైపు చేసి, పక్కన ‘మృతి’ అని పెట్టి నవ్వాడు. తీసేద్దామన్నాను.

"తీస్తే టెస్టింగంత మళ్ల చెయ్యాలె. ఎవడు చూస్తడు?"

ఈరోజు గద్వాల మీటింగ్‌లో ఆ పేర్లే గోడ మీద చూపించాం. వెనక వరసలో ఒకాయన ఫొటో తీసుకుని నా దగ్గరికొచ్చాడు.

"మా రాజన్నను ఎప్పుడు సంపిండ్రు తమ్మీ?"

"ఉత్తదే అన్నా, పరీక్షకు పెట్టినం."

"ఎవలు పెట్టిండ్రు?"

"ఆఫీసుల ఎవలో పెట్టిండ్రన్నా" అని తప్పించుకున్నాను. ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం నుంచి శ్రీనన్న ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడే తనే చేశాడు. "ఆ పేరు తీసేద్దం, ఆఫీసుకు రా, ఒక్కనివే రా" అన్నాడు. వెనక ఎవరో మెల్లగా చెబుతుంటే, ఒక్కో మాటా అలాగే అంటున్నాడు. నేను పోకపోతే అక్కడ రాజన్న మనుషుల మధ్య ఒక్కడే ఉంటాడు.

పోవాలి.