నీలమ్మ రెండో గేరు

పధ్నాలుగో మైలు పొలం,
మే 2, 1972

మెకానిక్ ఆక్రాయిడ్ గారికి, థెల్మా పాస్కో రాయునది. నేనూ నా కుక్క టింకరూ క్షేమం. మా నీలమ్మకే ఒంట్లో బాగాలేదు.

నిన్న టపా లారీ అతను దాన్ని తాడు కట్టి లాక్కెళ్ళి మీ షెడ్డు వెనక వదిలాడు. పదిహేనేళ్ళ యూట్. ముందు కారు, వెనక తొట్టి, రెండింటికీ కలిపి ఒకటే మొండితనం. పోయిన వారం స్టార్టవడమే మానేసింది. రేడియేటరు నిండా మిడతలు. సైలెన్సరు ఊడిపోకుండా కంచె తీగ కట్టాను. అసలు జబ్బు రెండో గేరు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎగిరి బయటికొచ్చేస్తుంది. మావారు నార్మ్ ఉన్నప్పుడు ఆయన నడుపుతుంటే పక్కన కూర్చుని ఆ గేరు కడ్డీని నేను అదిమి పట్టుకునేదాన్ని. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు నడిపేదీ నేనే, పట్టుకునేదీ నేనే.

ఇరవయ్యో తేదీ శనివారం యారంబిల్‌లో గొర్రెకుక్కల పోటీ. ఇక్కడికి తొంభై మైళ్ళు. టింకర్‌కు పదేళ్ళు నిండాయి, దానికిదే ఆఖరి పోటీ. అప్పటికి నీలమ్మను లేపి నిలబెట్టాలి.

ఇట్లు,
థెల్మా పాస్కో

తా.క.: ఫోను చెయ్యొద్దు. ఆరిళ్ళకూ కలిపి ఒకటే లైను. నేను తుమ్మితే ఆరిళ్ళవాళ్ళూ ‘చిరంజీవ’ అంటారు.


మే 5

శ్రీమతి పాస్కో గారికి నమస్కారాలు.

ఇన్నాళ్ళకు మొదటిసారి షెడ్డు వెనక్కి వెళ్ళి నీలమ్మను చూశాను. మీరు రాసిన జబ్బు ఒక్కటీ లేదు. మిడతలు లేవు, కంచె తీగ లేదు. రెండో గేరు సంగతి చూద్దామంటే అసలు గేరుబాక్సే లేదు. సీటు కింద ఎలుక అయిదు పిల్లల్ని పెట్టింది. ఇలాంటి బండిని మొన్నటిదాకా నడిపారంటే మీకు రెండు చేతులా మొక్కాలి.

విధేయుడు,
డెస్మండ్ ఆక్రాయిడ్

తా.క.: ఇంగ్లండు నుంచి వచ్చి మూడు నెలలే అయింది. ఈ ఊళ్ళో అందరూ నన్ను ‘నీలయ్యా’ అని పిలుస్తున్నారు. మొహం రంగు తిరిగిందేమోనని అద్దంలో చూసుకున్నాను. మొహం మామూలుగానే ఉంది, జుట్టు ఎప్పటిలాగే క్యారెట్టు రంగులో ఉంది. నేనేం తప్పు చేశానమ్మా?


మే 9

ఆక్రాయిడ్ గారూ,

గేరుబాక్సు ఎవరు కాజేశారో నాకు తెలుసు. మా పక్క పొలం క్లారీ హాబ్. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. వాడి యూట్ కూడా ఇదే మోడల్, ఇదే ఈడు. గేరుబాక్సు లేక రెండేళ్ళుగా మీ షెడ్డు వెనకే పడి ఉంది. మూడేళ్ళ కిందట పోటీలో నా టింకర్ గొర్రెను కరిచిందని జడ్జికి చెప్పాడు. అది ఆవలించింది, అంతే. అప్పటినుంచీ మాకు మాటల్లేవు.

ట్రాక్టరెక్కి వెళ్ళి గేటు దగ్గరే నిలబెట్టి కడిగేశాను. గేరుబాక్సు అనగానే భుజాలు తడుముకున్నాడు. “నాది లేకే నేనేడుస్తుంటే, నీదెక్కడ దాచుకోను థెల్మా?” అన్నాడు. దొంగతనంతోపాటు నటన కూడా వచ్చు.

థెల్మా పాస్కో

తా.క.: ఎలుక పిల్లల్ని బయట పారెయ్యకండి, చలి మొదలైంది.


మే 12

అమ్మా,

దొంగ సొత్తు దొరికింది. మీరన్నట్టే షెడ్డు వెనక ఎర్ర తుక్కు యూట్ ఒకటుంది. మీ గేరుబాక్సు దాని పొట్టలోనే ఉంది. అంతటితో ఆగాడా ఆ మహానుభావుడు? మీ మిడతల్ని, మీ కంచె తీగను కూడా వదల్లేదు.

గేరుబాక్సు ఊడదీసి నీలమ్మకు బిగించాను; కొత్త పళ్ళు తెప్పించేదాకా రెండో గేరు మాత్రం ఎగురుతూనే ఉంటుంది. ఆ ఎర్రదాని కార్బురేటరు, బ్యాటరీ, ముందు చక్రాలు కూడా పీకి దీనికే పెట్టాను. దొంగకు అదే శాస్తి. కడిగి మైనం పట్టిస్తే నీలమ్మ ఆకాశం రంగులో మెరిసిపోతోంది.

డెస్మండ్

తా.క.: హాబ్ గారు వచ్చారు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, టోపీ తీసి, కళ్ళు తుడుచుకుని, మీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు. దొంగల్లో ఇంత మర్యాదస్తుణ్ణి నేను చూడలేదు.


మే 16

నాయనా,

నీలమ్మ ఎరుపు.

ఈ దేశంలో ఎర్రటిదాన్ని నీలం అంటాం. ఎందుకని మా తాతనడిగితే గొర్రెలకు నీళ్ళు పెట్టమన్నాడు. ఎర్ర కుక్క నీలు, ఎర్ర బండి నీలమ్మ, ఎర్ర జుట్టువాడు నీలయ్య. నిన్ను అలా పిలుస్తున్నది మనవాడనుకునే, తిట్టడానికి కాదు.

నువ్వు బాగుచేసింది క్లారీ బండిని. పీకి పందిరేసింది నా బండిని. నేనేమో ఏ పాపమూ ఎరగని మనిషిని గేటు దగ్గర నిలబెట్టి దొంగ అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అంతకంటే, టింకర్ ఆఖరి పోటీ పోయిందే అని కడుపు తరుక్కుపోతోంది.

థెల్మా

తా.క.: ఈ వ్యవహారంలో సుఖపడ్డది ఆ ఎలుకలే.


మే 17

అమ్మా,

మొహం చెల్లక క్లుప్తంగా రాస్తున్నాను. మీ బండి శనివారానికి లేవదు. హాబ్ గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆయన స్టూలు మీదనుంచి పడేదాకా నవ్వారు. “శనివారం తెల్లారి అయిదింటికి కుక్కతో సహా గేటు దగ్గరుండమను. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మను” అన్నారు.

మీ నీలయ్య

తా.క.: రెండో గేరు ఎగిరిపడే సంగతి ఆయనకు చెప్పలేదు. ధైర్యం చాలలేదు.


మే 23

నీలయ్యా,

నోరు వెంటే తీసుకెళ్ళాను గానీ ఇరవై మైళ్ళదాకా పని పడలేదు. “దొంగ అన్నందుకు క్షమించు” అన్నాను. “ఆవలించిందంటే నమ్మనందుకు నువ్వూ క్షమించు” అన్నాడు. ఇంతలో మొదటి ఎత్తు వచ్చింది. గేరు ఎగిరింది. ఆయన వేస్తాడు, అది దూకుతుంది. బండి వెనక్కి జారుతోంది, తొట్టిలో టింకరూ, క్లారీ కుక్కా ఏకమై మొరుగుతున్నాయి.

నా చెయ్యి దానంతటదే వెళ్ళి కడ్డీ పట్టుకుంది.

“నార్మ్‌కు ఇలాగే పట్టేదానివా?” అన్నాడు. అవునన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయన రోడ్డే చూస్తూ మెల్లగా నడిపాడు. యారంబిల్‌కు పదిహేడు ఎత్తులున్నాయి. వస్తూ మళ్ళీ లెక్కపెట్టాను.

క్లారీ కుక్కకు మొదటి బహుమతి, టింకర్‌కు రెండోది. ముసలిది ఒక్క గొర్రెనూ తప్పిపోనివ్వలేదు, ఒక్కసారీ ఆవలించలేదు. తిరుగు దారిలో గెలిచినదాని వీపు మీద తలపెట్టి నిద్రపోయింది.

నా ఎర్ర నీలమ్మకు తొందరేం లేదు. క్లారీ రేపు తన బండిని సర్వీసుకు తెస్తాడు. ఆయిలు మార్చు, గ్రీజు పెట్టు, బ్రేకులు చూడు. రెండో గేరు జోలికి మాత్రం వెళ్ళకు.

నీ మేలు కోరే,
థెల్మా

తా.క.: ఈ ఉత్తరం క్లారీ చేతికే ఇచ్చి పంపుతున్నాను. దారిలో చదువుతాడని తెలుసు. అందుకే కవరు అంటించలేదు.