ఇంట్లో ఎవరెవరు ఉంటారు

జూన్ 3, సోమవారం

కోరుట్లలో కౌన్సెలర్‌గా మొదటి రోజు. ఎమ్మెస్సీ సైకాలజీ చదివినందుకు ఒక బల్ల, రెండు కుర్చీలు, పన్నెండు పేజీల ఫారం. హైదరాబాదు ఉద్యోగానికి నింపిన దరఖాస్తు ఇంకా సంచిలోనే... వారం చూస్తాను.

పచ్చగాజులామె వచ్చింది. (పేరు ఇక్కడ కూడా రాయను.) బీడీలు చేస్తుంది. నిద్ర లేదు, తిండి సయించదు. ఒళ్లో చాట లేకున్నా వేళ్లు బీడీ చుడుతూనే ఉన్నాయి. "బతుకబుద్ధయితలేదు చెల్లె" — కూరలో ఉప్పెక్కువైందన్నంత మామూలుగా. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. "అప్పుడప్పుడు అస్తది. పిల్లల మొకం జూస్తే పోతది."

ఇంట్లో ఎవరెవరు ఉంటారు? "నలుగురం. ఆయన, నేను, ఇద్దరు పిల్లలు."

ఆపదలో పిలవాల్సిన మనిషి: భర్త. నంబరు చెప్పింది, రాసుకున్నాను. కుటుంబం అండ ఉంది. ప్రమాదం: తక్కువ. నెలకు మళ్లీ రమ్మన్నాను.

జూన్ 4

జగిత్యాల ఆఫీసు. మా నోట్సులు దిద్దే విజయ మేడం పచ్చగాజులామె ఫైల్లో నేను రాసిన 'ఆందోళన' అన్న మాట మీద వేలు పెట్టింది. "నువ్వు ఆందోళన చూసినవా, వేళ్లు చూసినవా?"

వేళ్లు.

"అయితే వేళ్లు రాయి. నువ్వు అనుకున్నది కింది గడిల రాసుకో."

కోపం వచ్చింది. సరైన మాట కాబట్టి.

జూన్ 5

సంచి సర్దాను. మళ్లీ విప్పాను.

జూన్ 7, శుక్రవారం

మేడం అదే ఫైలు మళ్లీ తీసింది. "ఇది మస్కట్ నంబర్ గాదానే?"

నా చేతిరాతే. అంకె అంకె నేనే వేశాను.

"భర్త ఇంట్లనే ఉంటడని రాసినవు."

"నలుగురం అన్నది మేడం..."

"మీ ఇంట్ల ఎందరు?"

"నలుగురం."

"మీ నాయన ఏడుంటడు?"

భివండీ. సాంచాల మీద, బట్ట నేస్తూ. తొమ్మిదేళ్లు.

తిట్టలేదు. "మా అక్క గూడ గట్లనే లెక్కవెడ్తుండె, బావ దుబాయిల ఉన్నన్ని దినాలు" అంది. 'తక్కువ' అన్నచోట రబ్బరు తీయబోతే చేయి పట్టుకుంది. "తుడవకు. ఒక్క గీత కొట్టు. తప్పు కనవడాలె. పక్కన తేదీ, సంతకం."

కొట్టాను. ఆమెకు ఫోన్ చేశాం. ఎత్తలేదు. మూడోసారికి మేడం చెప్పులేసుకుంది. "నడువ్."

కోరుట్ల దాకా బస్సులో ఆమె నంబరు నొక్కుతూనే ఉన్నాను.

ఉంది.

వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది. బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్‌లో ఆయన, మస్కట్ గదిలో తనూ ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. శుక్రవారం సెలవట. ఇక్కడ ఆమె పోపు వేస్తే అక్కడ ఆయన వేస్తాడట. "ఆయన ఉన్నప్పుడు నడుమ ఏ ఫోన్ అచ్చినా ఎత్త మేడం. గింత ఎండల అచ్చిన్రేంది, చాయ్ వెడ్త ఆగుండ్రి." నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

"మేడం, నమస్తే!" డబ్బా దగ్గరి నుంచి ఆయన. "నేనైతె పొద్దుమాపు ఈణ్నే ఉంట."

"ఉన్నవు బిడ్డా, కాదంటలేను. పానం ఆగమైతే చెయ్యి వట్టేతందుకు ఒకలు గావాలె."

కత్తి ఆగింది. రెండు చోట్లా.

చేయి చాపితే అందేవాళ్లు ఎవరని అడిగింది మేడం. పక్కింటి కమలక్క ఉండె... ఏడాదిగా మాటల్లేవు. కమలక్క మేక ఈమె బీడీలకు తెచ్చుకున్న తునికాకు కట్ట నమిలేసింది, అప్పటి నుంచి.

"మేక గూడ సచ్చె, పంచాది సావకపాయె" అన్నాడు డబ్బా దగ్గరి ఆయన. ఆమె నవ్వింది. మొదటిసారి చూశాను.

మేమే అడగమంటావా అంది మేడం. "వద్దు. నేనే అడుగుత."

రేపు డాక్టరు దగ్గరికి, మేడం తోడు. రోజూ సాయంత్రం నేను ఫోన్ చేయాలి. పిలవాల్సిన మనిషి దగ్గర 'భర్త' మీదా ఒక గీత; కొత్త పేరు గడి ఖాళీ.

జూన్ 8

డాక్టరు చూసింది. మందులు. బస్సులో ఆమె మేడం భుజం మీద నిద్రపోయిందట.

జూన్ 9, ఆదివారం

సిరిసిల్ల, మా ఇల్లు. అమ్మ నూలు కండెలు చుడుతోంది. మాటవరసకన్నట్టు అడిగాను: "అమ్మా, నీకు పానం బాగలేకుంటే మొదలు ఎవరిని పిలుస్తవు?"

"నిన్నే."

"నేను జగిత్యాలల ఉంట గదనే."

"ఉంటే? ఇంట్ల మనిషివి గావా?"

నలుగురం. ఇంట్లో ఉన్నది అమ్మ, తమ్ముడు.

సాయంత్రం నేను చేయకముందే కోరుట్ల నుంచి ఫోన్. "చెల్లె, నిన్న కమలక్కను అడిగిన."

"ఏమన్నది?"

"ఏమనలే. లోపటికి వోయి తలుపేసుకున్నది." కొంచెం ఆగి, "పొద్దుగాల లేసి చూస్తే మా వాకిట్ల తునికాకు కట్ట ఉన్నది. గిది గూడ రాసుకుంటవా?"

రాసుకుంటాను. చూసింది: వాకిట్లో తునికాకు కట్ట, ఒకటి. అనుకున్నది కింది గడిలో. పేరు గడి ఇంకా ఖాళీ.

ఈ పేజీలో అమ్మకూ ఒక గడి గీశాను. పిలవాల్సిన మనిషి — 'నేను' అని రాశాను. సంచి గోడకు ఆనుకుని ఉంది, దరఖాస్తుతో సహా. 'నేను' మీద ఒక్క గీత. పక్కన తేదీ, సంతకం.

అమ్మకు చేయి చాపితే అందే పేరు కోసం పెన్ను పట్టుకుని కూర్చున్నాను...